గాలి లెక్క: ఆటోనగర్‌లో మండిన ఇంధనాలపై ఒక సింహావలోకనం

రెండు ఆక్టేన్ అణువులకు ఇరవై ఐదు ఆక్సిజన్ అణువులు. ఫలితం పదహారు కార్బన్ డయాక్సైడ్ అణువులు, పద్దెనిమిది నీటి అణువులు. హైస్కూలు పిల్లలు నిమిషంలో తేల్చే ఈ తుల్య సమీకరణాన్ని ఒకసారి బరువుల్లోకి మార్చి చూడండి. 114 గ్రాముల ఆక్టేన్ పూర్తిగా మండాలంటే 400 గ్రాముల ఆక్సిజన్ కావాలి. గాలి బరువులో ఆక్సిజన్ వాటా 23.2 శాతమే కాబట్టి, ఇంజను 1,720 గ్రాముల గాలి పీల్చుకోవాలి. కిలో ఇంధనానికి పదిహేను కిలోల గాలి అన్నమాట. బంకులో డబ్బు కట్టి పోయించుకునేది మొత్తంలో పదహారో వంతు. మిగతా పదిహేను వంతులూ పైసా ఖర్చు లేకుండా వచ్చేస్తాయి. ఊరికే వచ్చేదానికి ఖాతా పుస్తకంలో చోటుండదు. విజయవాడ ఆటోనగర్‌లో అరవై ఏళ్లుగా జరుగుతున్న పనిని వెనక్కి తిరిగి చూస్తే, ఖాతాకెక్కని ఈ పదిహేను వంతుల గాలికి లెక్క నేర్చుకోవడమే దాని అసలు చరిత్ర అని నాకు అనిపిస్తుంది.

ఆ లెక్క లేకపోవడం మెకానిక్కులతో మొదలైన లోపమేమీ కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో చాలాకాలం యూరప్ పండితులే గాలిని లెక్కలోకి తీసుకోలేదు. వస్తువు మండితే అందులోంచి ఫ్లోజిస్టాన్ అనే పదార్థం బయటికి పోతుందని నమ్మారు. 1774లో ప్రీస్ట్లీ ఆక్సిజన్‌ను పట్టి చూపించాడు గానీ, ఆ పాత నమ్మకాన్ని వదలలేకపోయాడు. త్రాసు పట్టుకుని విషయం తేల్చినవాడు లవోయిజర్. మూసిన పాత్రలో మండించి, మండక ముందు బరువు, మండిన తర్వాత బరువు తూచాడు. గాలిలో ఎంత తగ్గిందో వస్తువులో అంతే పెరిగింది. 1783లో నీరు మూలకం కాదని, హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి మండితే పుట్టేదని చెప్పాడు. 1789లో అచ్చయిన ఆయన పాఠ్యగ్రంథంలో ద్రాక్షరసం పులిసే చర్యను ఎడమ కుడి పక్కల సమానంగా రాసి, అలా రాయడం ఎందుకు సాధ్యమో వివరించాడు. మన సమీకరణాలకు పునాది అదే. ఐదేళ్లకు, 1794 మే 8న, విప్లవ ప్రభుత్వం ఆయన తల తీసింది. రసాయనశాస్త్రం చదువుకున్న ఎవరికైనా ఆ తేదీ గుండెల్లో గుచ్చుకుంటుంది.

ఆ తర్వాతి అధ్యాయాలు త్వరగా చెప్పుకోవచ్చు. డాల్టన్ పరమాణువాదం 1808లో, బెర్జీలియస్ అక్షర సంకేతాలు 1813, 14 సంవత్సరాల్లో వచ్చాయి. ఒక్క సంగతి దగ్గర మాత్రం ఆగాలి. 1831లో జర్మనీలో లీబిగ్ ఐదు గాజు బుడ్డీల పరికరం ఒకటి చేశాడు. కర్బన పదార్థాన్ని పూర్తిగా మండించి, వచ్చిన నీటిని కాల్షియం క్లోరైడ్‌లో, కార్బన్ డయాక్సైడ్‌ను పొటాష్ ద్రావణంలో పట్టి, రెండింటినీ తూచేవాడు. ఆ రెండు బరువులనుంచి వెనక్కి లెక్క కట్టి, అసలు పదార్థంలో కార్బన్ ఎంత, హైడ్రోజన్ ఎంత అని తేల్చేవాడు. ఇప్పుడు మనం ఫార్ములా తెలుసుకుని సమీకరణం రాస్తున్నాం. ఆ రోజుల్లో మంటను తూచి ఫార్ములా తెలుసుకునేవారు.

కృష్ణా తీరానికి ఈ శాస్త్రం తెలుగులో రావడానికి ఇంకా డెబ్బై ఐదేళ్లు పట్టింది. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, ప్రకృతి శాస్త్రాలను తెలుగు చదివే ఇళ్లలోకి పంపాడు. అయితే మంటకు గాలి కావాలన్న అనుభవం పుస్తకం కంటే ముందే వచ్చింది. కిరసనాయిలు దీపం తెచ్చింది. చిమ్నీ తీసి వత్తి వెలిగిస్తే ఎర్రటి మంట, మసి. చిమ్నీ పెట్టగానే వేడిగాలి పైకి లేచి, కిందినుంచి కొత్త గాలిని లాగుతుంది. మంట తెల్లబడి నిలబడుతుంది. కిరోసిన్ అణువులో పది నుంచి పదహారు దాకా కార్బన్లుంటాయి. వాటన్నిటికీ ఆక్సిజన్ అందకపోతే మిగిలిన కార్బన్ చిమ్నీ మీద నల్లగా కూర్చుంటుంది. పొద్దున్నే బూడిదతో చిమ్నీ తుడిచిన ప్రతి ఇల్లూ అసంపూర్ణ దహనాన్ని చేతులారా తుడిచిందే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు రాజధానిలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ ఆయిలింజన్లతో నీళ్లు తోడించే ప్రయత్నాలు చేశాడు. ఆ ఇంజన్లు క్రమంగా పొలాల్లోకి, డెల్టాలో బియ్యం మిల్లుల్లోకి వచ్చాయి. వాటిని బాగుచేయడం నేర్చినవారే మన ప్రాంతపు తొలి ఇంజను మేస్త్రీలు.

రెండో ప్రపంచయుద్ధం వాళ్లకు పెద్ద పరీక్ష పెట్టింది. పెట్రోలుకు రేషను వచ్చింది. బస్సుల వెనక నిలువెత్తు బొగ్గు డ్రమ్ములు వెలిశాయి. బస్సు కదలాలంటే క్లీనరు ముందుగా బ్లోయరు తిప్పి, బొగ్గు రాజేసి, గ్యాసు పుట్టించాలి. బొగ్గుకు సరిపడా గాలి ఇవ్వకుండా సగం మండించి, కార్బన్ మోనాక్సైడ్ తీసి, ఆ వాయువును ఇంజనులో ఇంకో విడత గాలితో మండించేవారు. ఒకే సమీకరణాన్ని రెండు ముక్కలుగా చేసి, ఒక ముక్క డ్రమ్ములో, ఒక ముక్క సిలిండరులో నడిపించిన ఏర్పాటిది. బండి మాత్రం ఎత్తు ఎక్కేది కాదు. ఆ గ్యాసులో దాదాపు సగం నైట్రోజన్, మండనిది, సిలిండరులో చోటు తినేది. గాలిలో నాలుగింట మూడొంతులకు పైగా ఉండే ఈ నైట్రోజన్‌ను సమీకరణంలో ఎవరూ రాయరు. బొగ్గు బస్సు నడిపినవాళ్లకు దాని బరువు తెలుసు. ఈ నైట్రోజన్ మళ్లీ మన కథలోకి వస్తుంది, అప్పుడు మరింత గట్టిగా.

స్వాతంత్ర్యం తర్వాత రోడ్లు మారాయి. మద్రాసు, కలకత్తా, హైదరాబాదు, బందరు దారులు కలిసే చోటు విజయవాడ. 1954 నుంచి టెల్కో వారు డైమ్లర్ బెంజ్ సహకారంతో జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేశారు. లేలాండ్ కామెట్లు మద్రాసునుంచి వచ్చాయి. పాత పెట్రోలు లారీలకు పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు బిగించే పని కూడా సాగింది. లారీ పరిశ్రమ విజయవాడలో పాతుకుపోయింది. ఊరి నడుమ రోడ్లవారన చెట్లకింద నడిచే షెడ్లన్నిటికీ ఒకచోట స్థలం చూపించాలన్న ఆలోచన 1960ల్లో రూపు దాల్చింది. పటమట పక్కన జవహర్ ఆటోనగర్ అలా పుట్టింది. ఆసియాలోనే పెద్దదని ఊళ్లో గర్వంగా చెప్పుకుంటారు. కొలతల సంగతి ఎలా ఉన్నా, లారీ ఛాసిస్ ఒక గేటులో దూరి, బాడీ కట్టించుకుని, రంగు వేయించుకుని, పంపు సరిచేయించుకుని, ఇంకో గేటులోంచి సరుకెత్తడానికి సిద్ధంగా బయటికొచ్చే చోటు ఇది. బోరు కొట్టేవారు, క్రాంకు గ్రైండింగ్ చేసేవారు, రేడియేటరు అతికేవారు, పట్టీలు కొట్టేవారు, ఎవరి వీధి వారిది.

అందులో నా చూపు ఎక్కువగా ఆగేది గ్యాస్ వెల్డింగ్ దగ్గర. నల్ల సిలిండరులో ఆక్సిజన్, మెరూన్ సిలిండరులో అసిటిలిన్. అంతకుముందు కార్బైడు గడ్డల మీద నీళ్లు పోసి అసిటిలిన్ పుట్టించే డ్రములుండేవి. వెల్డరు ముందుగా అసిటిలిన్ ఒక్కటే తెరిచి అంటిస్తాడు. పసుపు మంట లేస్తుంది, దాని కొసనుంచి నల్లటి మసి నూలుపోగుల్లా గాలిలోకి తేలుతుంది. అప్పుడు ఆక్సిజన్ కొద్దికొద్దిగా వదులుతాడు. మసి మాయమవుతుంది, మంట నీలంగా పొట్టిబడుతుంది, లోపల తెల్లని మొన ఒకటి, దాని చుట్టూ ఈక లాంటి పలచని పొర కనిపిస్తాయి. ఆ ఈక కుంచించుకుపోయి సరిగ్గా మొనలో కలిసిపోయే క్షణంలో చెయ్యి ఆపేస్తాడు. న్యూట్రల్ మంట అంటే అదే. మూడువేల డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి.

ఇప్పుడు పుస్తకం తెరవండి. రెండు అసిటిలిన్ అణువులకు ఐదు ఆక్సిజన్ అణువులు, నాలుగు కార్బన్ డయాక్సైడ్లు, రెండు నీళ్లు. ఒక్క అసిటిలిన్‌కు రెండున్నర ఆక్సిజన్లు పడాలి. వెల్డరు సిలిండరులోంచి ఇస్తున్నది మాత్రం దాదాపు ఒకటికి ఒకటి. తక్కిన ఒకటిన్నర ఎక్కడిది? చుట్టూ ఉన్న గాలినుంచి వస్తుంది. తెల్లని మొనలో అసిటిలిన్, ఆక్సిజన్ సమానంగా కలిసి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌లుగా మారతాయి. ఆ రెండు వాయువులూ బయటికొచ్చి, షెడ్డులోని గాలితో మండి, మొన చుట్టూ నీలపు తొడుగు కడతాయి. ఆ తొడుగు కరిగిన ఇనుము మీదికి గాలి చేరకుండా కాస్తుంది. పుస్తకం చెప్పిందని సిలిండరులోంచే రెండున్నర వంతులు వదిలితే మంట బుసకొడుతుంది, ఇనుమే మండడం మొదలవుతుంది, రవ్వలు రాలతాయి, అతుకు పెళుసవుతుంది. సమీకరణం తప్పని దీనర్థం కాదు. అది చర్య మొదలునూ చివరినీ చెబుతుంది, మధ్యలో ఏ ఆక్సిజన్ ఎక్కడినుంచి ఎప్పుడొచ్చిందో చెప్పదు. లె షాటెలియే 1895లో ఈ మంట వేడిని పరిశోధించాడు. మరో పదేళ్లలోపే ఫ్రాన్సులో టార్చి తయారైంది. చిన్న వయసులో పనిలో చేరిన ఆటోనగర్ కుర్రాడు మూడు నెలల్లో కంటితో పట్టేసే ఆ ఈక పొరను, పక్కనే కాలేజీలో దహనం చదివే పిల్లల్లో ఎంతమంది చూసి ఉంటారు? ఒక్క పూట బస్సెక్కించి తీసుకొచ్చి చూపిస్తే చాలు, అసంపూర్ణ దహనం గురించి ఇంకో మాట చెప్పనక్కర్లేదు.

ఇక డీజిల్. ఆటోనగర్ పేరు నిలబెట్టింది డీజిల్ పంపు షాపులే. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపించిన ఇంజనులో ఒక విశేషం ఉంది. పెట్రోలు బండిలో ఆక్సిలరేటరు తొక్కితే గాలి, ఇంధనం రెండూ పెరుగుతాయి. పాత డీజిల్ బండిలో గాలికి అడ్డే లేదు, ప్రతిసారీ సిలిండరు నిండా వస్తుంది. ఆక్సిలరేటరు మార్చేది డీజిల్ మోతాదునే. కాబట్టి మేస్త్రీ చేతిలో ఉన్నదీ డీజిలే. 1951లో బెంగళూరులో పుట్టిన మైకో సంస్థ పంపులు, నాజిళ్లు దేశమంతా చేరాయి. 2008లో దాని పేరు బాష్‌గా మారినా, పాతవాళ్ల నోట ఇప్పటికీ మైకో పంపే.

పంపు షాపులో కాలిబ్రేషన్ బెంచి ఉంటుంది. పంపును బెంచికి బిగించి మోటారుతో తిప్పుతారు. ఆరు సిలిండర్ల లారీకైతే ఆరు గాజు గొట్టాలు వరసగా నిలబడి ఉంటాయి. లెక్క పెట్టిన స్ట్రోకులు పూర్తికాగానే ఆరింటిలో డీజిల్ మట్టం చూస్తారు. ఒక గొట్టంలో గీతంత తేడా ఉన్నా ఆ ప్లంజరును విప్పి సరిచేసి మళ్లీ తిప్పాల్సిందే. పక్కన నాజిల్ టెస్టరు. మీట నొక్కితే గేజి ముల్లు రెండొందల బార్ల దగ్గరికి ఎక్కి, నాజిల్ చిర్రుమంటూ మంచు పొగలా డీజిల్ చిమ్ముతుంది. చిమ్మాక మొన పొడిగా ఉండాలి. చుక్క వేలాడిందా, ఆ నాజిల్ పనికిరాదు. ఆ చుక్క సిలిండరులో గాలిని కలుసుకోలేదు, పైపైన కాలి, లోపల కార్బన్‌గా మిగులుతుంది.

ఇంధనం పక్కన ఇంత నిఖార్సైన తూకం నడిచిన షాపుల్లో గాలి పక్కన జరిగింది ఒక్కటే. ఎయిర్ ఫిల్టరు తీసి, నేలకేసి రెండు దెబ్బలు కొట్టి, మళ్లీ పెట్టేయడం. లీటరు డీజిల్‌కు పన్నెండు కిలోల గాలి కావాలి, అంటే ఘనపరిమాణంలో సుమారు పది ఘనపు మీటర్లు. చిన్న గది నిండా పట్టే గాలి. దాన్ని కొలిచే గాజు గొట్టం ఏ షాపులోనూ ఉండేది కాదు. పైగా డ్రైవరు బండి తెచ్చి ఆపి అడిగేది వేరు.

"మేస్త్రిగారూ, ఘాట్ రోడ్లో బండి లాగట్లేదండీ. పంపు కాస్త పెంచండి."

"పెంచితే పొగ కొడుద్దయ్యా."

"కొడితే కొట్టనీండి, లోడు ఎక్కితే చాలు."

పంపు పెంచడమంటే స్ట్రోకుకు వచ్చే డీజిల్ మోతాదు పెంచడం. గాలి అంతే ఉంది. డీజిల్‌కు ప్రతినిధిగా తీసుకునే సీటేన్ అణువులు రెండింటికి నలభై తొమ్మిది ఆక్సిజన్ అణువులు కావాలి. నలభైయే దొరికితే మిగతా కార్బన్ నల్ల పొగై సైలెన్సరులోంచి పోతుంది. లాగే శక్తి కొంత పెరిగిన మాట నిజమే, ఎందుకంటే మిగిలిన గాలిలో ఉన్న చివరి ఆక్సిజన్‌ను కూడా పిండుకున్నారు. దానికి డబ్బుగా, ఊపిరిగా ఎంత ఖర్చయిందో ఎవరూ రాసుకోలేదు. ఓవర్‌లోడు లేకపోతే కిస్తీ కట్టలేని లారీ యజమానిని, మాట వినకపోతే బేరం పోతుందన్న మేస్త్రీని నేను తప్పుపట్టను. కిరాయి ధరలు, టన్నుల నిబంధనలు రాసినవాళ్లు ఆ పొగలో భాగస్వాములు.

ఇందులో బెజవాడ ఎండకు కూడా వాటా ఉంది. రోహిణి కార్తెలో ఇక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు తాకుతుంది. 20 డిగ్రీల గాలితో పోలిస్తే ఆ గాలి ఎనిమిది శాతం పలచన. టర్బో లేని పాత లారీ అదే సిలిండరు నిండా గాలి పీల్చినా, అందులో ఆక్సిజన్ ఎనిమిది శాతం తక్కువే. మధ్యాహ్నం బండి బరువెక్కుతుందని, తెల్లవారుజామున తేలిగ్గా పోతుందని డ్రైవర్లు చెప్పే మాట అక్షరాలా నిజం. టర్బో, ఇంటర్‌కూలరు వచ్చాకే ఆ లోటు తీరింది. అవి వచ్చాకే గాలిని కూడా ఒత్తిడితో, చల్లబరిచి, కొలిచి పంపాల్సిన సరుకుగా ఆటోనగర్ చూడసాగింది.

పెట్రోలు చరిత్ర ఇక్కడ చిన్నది. కార్బురేటరు స్క్రూ తిప్పుతూ ఇంజను చప్పుడు వినడం, ప్లగ్గు విప్పి దాని రంగు చూడడం. నల్లగా ఉంటే ఇంధనం ఎక్కువ, తెల్లగా ఉంటే గాలి ఎక్కువ, లేత గోధుమ రంగయితే సరి. గాలి మరీ తగ్గితే రెండు ఆక్టేన్లకు ఇరవై ఐదు బదులు పదిహేడు ఆక్సిజన్లే దొరికి, కార్బన్ డయాక్సైడుకు బదులు పదహారు అణువులూ విషవాయువైన మోనాక్సైడుగానే వస్తాయి. మూసిన షెడ్డులో ఇంజను నడిపించకూడదనేది అందుకే. 1921లో అమెరికాలో కనిపెట్టిన సీసపు మిశ్రమం మన బంకులనుంచి 2000 ఫిబ్రవరి 1న పూర్తిగా పోయింది. కిరోసిన్ కల్తీ మాత్రం చాలాకాలం ఆటోల పొగలో కనిపిస్తూనే వచ్చింది.

ఇంతలో డెల్టా కిందనుంచే ఇంధనం బయటపడింది. హైడ్రోకార్బన్లలో అన్నిటికంటే చిన్నది మీథేన్, ఒకటికి రెండు ఆక్సిజన్లు చాలు. ఆ చిన్న సమీకరణం ఎంత పెద్దగా మండగలదో 1995 జనవరి 8న కోనసీమ చూసింది. పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బద్దలై అంటుకుంది. మార్చి 15న ఆర్పేదాకా అరవై ఐదు రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లకు రాత్రన్నది లేకుండా పోయింది. ఇళ్లు వదిలి పోయినవాళ్ల గోడు ఒక ఎత్తు, ఎండిపోయిన కొబ్బరి తోటలు ఒక ఎత్తు. అక్కడ గాలికి కొరత లేదు, అందుకే మంటకు ఆపు లేదు.

గాలి కలిసే మోతాదే ప్రాణాలు తీసిన రోజు ఇంకొకటుంది. మీథేన్ గాలిలో ఐదు నుంచి పదిహేను శాతం మధ్య ఉంటేనే పేలుతుంది. సరిగ్గా తుల్యంగా కలిసేది తొమ్మిదిన్నర శాతం దగ్గర. ఇంగ్లండు బొగ్గుగనుల్లో ఇదే మీథేన్ పేలి మనుషులు పోతుంటే, 1815లో డేవీ మంట చుట్టూ ఇనుప జల్లెడ కట్టి రక్షణ దీపం చేశాడు. రెండొందల ఏళ్ల తర్వాత, 2014 జూన్ 27 తెల్లవారుజామున, కోనసీమలోని నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైను చిల్లుపడి గ్యాసు ఊరి మీద పరుచుకుంది. నిప్పు తగలగానే ఇళ్లు, మనుషులు కలిసి కాలిపోయారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. తడి ఉన్న గ్యాసు మోసీ మోసీ పైపు లోపల తుప్పుపట్టింది. ఆ పైపు తాటిపాకనుంచి విజయవాడ పక్కన కొండపల్లికి, అక్కడి లాంకో విద్యుత్ కేంద్రానికి గ్యాసు తెచ్చిన లైను. మన ఇళ్ల దీపాలకు వచ్చిన కరెంటు వెనక ఆ ఊరు ఉంది. దాన్ని నేను ఇంకో ప్రమాదంగా మాత్రమే లెక్కలో వేసి ముందుకు పోలేను.

అదే గ్యాసు విజయవాడ నగరంలో మేలు కూడా చేసింది. హెచ్‌పీసీఎల్, గెయిల్ కలిసి 2003లో పెట్టిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థ విజయవాడకు సీఎన్‌జీ తెచ్చింది. సిటీ బస్సులు, ఆటోలు దాని మీద నడిచాయి. నల్లపొగ తగ్గిన సంగతి కళ్లకే తెలిసింది. మీథేన్‌లో కార్బన్‌తో కార్బన్‌కు బంధమే లేదు, మసి కట్టే అవకాశం తక్కువ. కిలో మీథేన్‌కు పదిహేడు కిలోల గాలి కావాలని, పెట్రోలు ట్యూనింగ్ దీనికి పనికిరాదని ఆటో మెకానిక్కులు కిట్లు బిగిస్తూ నేర్చుకున్నారు.

అసలు మలుపు ప్రమాణాలతో వచ్చింది. 1989 మోటారు వాహనాల నిబంధనలతో పొగ పరీక్ష చట్టంలోకి వచ్చింది. 2000లో భారత్ స్టేజ్ (బీఎస్) ప్రమాణాలు మొదలై, 2017 ఏప్రిల్‌లో దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో ఒక దశ దూకి బీఎస్-6 వచ్చాయి. ఇంధనంలో గంధకం కిలోకు 50 మిల్లీగ్రాముల నుంచి 10కి తగ్గింది. 2019 జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విజయవాడ కూడా చేరింది.

ఇక్కడే వదిలేసిన నైట్రోజన్ తిరిగొస్తుంది. ఇరవై ఐదు ఆక్సిజన్ అణువుల వెంట గాలిలో తొంభై నాలుగు నైట్రోజన్ అణువులు వస్తాయి. పాఠ్యపుస్తకంలో అవి లేవు, రెండు పక్కలా ఒకేలా ఉంటాయి కాబట్టి కొట్టేస్తారు. సిలిండరు వేడిలో మాత్రం అవి అలాగే ఉండవు. కొన్ని ఆక్సిజన్‌తో కలిసి నైట్రిక్ ఆక్సైడు అవుతాయి, ఊపిరితిత్తులకు చేటు చేస్తాయి. మంట ఎంత బాగా, ఎంత వేడిగా మండితే ఇది అంత ఎక్కువ. నల్లపొగ పోగొట్టడానికి గాలి పెంచిన ఇంజనే ఈ కనపడని పొగను ఎక్కువ చేస్తుంది. అందుకే బీఎస్-6 లారీలకు డెఫ్ ట్యాంకు వచ్చింది. అందులోని 32.5 శాతం యూరియా ద్రావణం వేడికి అమ్మోనియా అవుతుంది. నాలుగు అమ్మోనియా, నాలుగు నైట్రిక్ ఆక్సైడు, ఒక ఆక్సిజన్ కలిసి నాలుగు నైట్రోజన్‌గా, ఆరు నీళ్లుగా మారి బయటికి పోతాయి. డ్రైవరు ఇప్పుడు బకెట్టుతో డెఫ్ కొనుక్కుంటున్నాడు. ఎన్నో దశాబ్దాల తర్వాత గాలి పక్కన మొదటిసారి బిల్లు పడింది.

పెట్రోలు కార్లలో లెక్క ఇంకా బాహాటంగా కనిపిస్తుంది. 1976లో వోల్వో కార్లలో మొదలైన ఆక్సిజన్ సెన్సరు సైలెన్సరు గొట్టంలో కూర్చుని, మండగా మిగిలిన ఆక్సిజన్‌ను కనిపెడుతుంది. స్కానరు తగిలిస్తే సెన్సరు వోల్టేజీ తెర మీద 0.1, 0.9ల మధ్య ఊగుతూ ఉంటుంది. ఇంధనం కాస్త ఎక్కువైతే పైకి, గాలి ఎక్కువైతే కిందికి. కంప్యూటరు వెంటనే మోతాదు సవరిస్తుంది. సమీకరణం తుల్యంగా ఉందా లేదా అని క్షణక్షణం సరిచూసే లెక్క అది. బీఎస్-4 పెట్రోలు కార్ల పొల్యూషన్ పరీక్షలో మోనాక్సైడు 0.3 శాతం దాటకూడదు, గాలి-ఇంధన నిష్పత్తిని చెప్పే లాంబ్డా ఒకటికి మూడు శాతం అటూ ఇటూ మించకూడదు. గాలి లెక్క సర్టిఫికెట్టు కాగితం మీదికి అలా ఎక్కింది. చెవితో ట్యూనింగ్ చేసిన తరం మేస్త్రీలు ఈ స్కానర్లతో ఇబ్బంది పడ్డారు, కొందరు షెడ్లు మూసేశారు. కానీ లాంబ్డా చెబుతున్నది వాళ్లకు ప్లగ్గు రంగు చెప్పినదే. ఆ వంతెన ఎవరూ కట్టి చూపించలేదు. కొత్త యంత్రాలు అమ్మినవాళ్లు మీటలు నొక్కడం నేర్పారు, ఎందుకన్నది నేర్పలేదు.

ఇదే ఊళ్లో 1986లో శ్రీచైతన్య కాలేజీ మొదలైంది, ఆ ఏడే ఎంసెట్ ప్రవేశపరీక్ష కూడా వచ్చింది. హైడ్రోకార్బన్ దహనాన్ని సెకన్లలో తుల్యం చేయడం రాష్ట్రం మొత్తానికి నేర్పిన ఊరిది. కార్బన్ల సంఖ్యకు హైడ్రోజన్లలో నాలుగో వంతు కలిపితే ఆక్సిజన్లు వచ్చేస్తాయి, భిన్నం వస్తే రెండుతో హెచ్చవేయాలి. ఆ ఒడుపులో నాకేమీ అభ్యంతరం లేదు, అది అందమైన లెక్క. కానీ తొంభై నాలుగు నైట్రోజన్లను రాయించని, పదిహేను కిలోల గాలిని ఊహించనివ్వని బోధన సగం బోధనే. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు వస్తాయని, పొద్దున స్టార్ట్ చేసిన కారు సైలెన్సరులోంచి కారే చుక్కలు ఆ పద్దెనిమిది అణువులేనని చెబితే పిల్లలు మర్చిపోతారా?

పని ఇంకా మిగిలే ఉంది. 2023లో మొదలై ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. ఇథనాల్ అణువులో ముందే ఒక ఆక్సిజన్ ఉంది కాబట్టి కిలోకు తొమ్మిది కిలోల గాలే చాలు. ఇరవై శాతం మిశ్రమానికి లెక్క కడితే నిష్పత్తి 14.7 నుంచి 13.5కు దిగుతుంది. సెన్సరున్న కొత్త బండి తనంతట తాను సర్దుకుంటుంది. కార్బురేటరున్న పాత స్కూటరు, పాత ఆటో సర్దుకోలేవు. వాటికి అదే గాలికి తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం కావాలి, అంటే మెయిన్ జెట్టు రంధ్రం వ్యాసం నాలుగు శాతం పెరగాలి. మన రోడ్ల మీద అలాంటి బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. ఏ మోడలుకు ఏ సైజు జెట్టు అన్న పట్టిక తెలుగులో అచ్చువేసి, ఆటోనగర్‌లో ప్రతి కార్బురేటరు షాపు గోడకు అంటించవచ్చు. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు, పంపు షాపుల మేస్త్రీలు ఒక వేసవి కలిసి కూర్చుంటే తయారయ్యే పట్టిక అది.